గోడ లేని బంగళా

"ప్రజాస్వామ్యంలో గోడలకి చోటు లేదు. అందుచేత నా బంగళా గోడని నేను ఈ జాతి కోసం త్యాగం చేస్తున్నాను."

కేంద్ర సహాయ మంత్రి చిట్టిబాబు గారు ఢిల్లీలో తమ అధికార నివాసం పచ్చికలో నిలబడి ఈ మాట అన్నప్పుడు, పెసరట్టు తింటున్న తెలుగు విలేకరులు ఒక్క క్షణం నమలడం ఆపారు. మంత్రిగారి వెనకాల ఆయన పి.ఏ. లక్ష్మీపతి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ వాక్యం రాసింది తనే. అయినా మంత్రిగారి నోట వింటుంటే అతనికి కూడా ఒళ్ళు పులకరించింది.

గోడ అప్పటికే లేదన్నది నిజమే. జూలై వానలకి నానినాని ఒక మధ్యాహ్నం అదే పడుకుంది. మళ్ళీ కట్టించమని లక్ష్మీపతి అర్జీ పెడితే, సంబంధిత అధికారులు వచ్చి చూసి, గోడ పడిపోయిన మాట వాస్తవమేనని ధ్రువీకరించి వెళ్ళారు. పై అధికారులు వచ్చి, ముందొచ్చినవాళ్ళు ధ్రువీకరించింది సరిగ్గానే ఉందని ధ్రువీకరించారు. ఆ తర్వాత ఎవరూ రాలేదు. పడిపోయిందని ఏడవడం కంటే పడగొట్టామని చెప్పుకోవడం పద్ధతిగా ఉంటుందని మంత్రిగారికి తట్టింది. ఇలాంటివి తట్టడం వల్లే ఆయన మంత్రి అయ్యారు. తట్టకపోవడం వల్లే లక్ష్మీపతి పి.ఏ.గా ఉండిపోయాడు.

ఆ గోడకి ఇవతల మంత్రిగారిది రోలు పార్టీ. అవతల బంగళాలో ఉంటున్న ఎంపీ బసవపున్నయ్య గారిది మద్దెల పార్టీ, అంటే ప్రతిపక్షం. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకుందని మన పెద్దలు ఊరికే అనలేదు. ఈ రెండు పార్టీలూ పార్లమెంటులో ఒకదాన్ని ఒకటి వాయించుకునేవి, సాయంత్రాలు ఒకదానితో ఒకటి మొరపెట్టుకునేవి. మధ్యలో గోడ ఉన్నన్నాళ్ళూ మొర కాస్త గట్టిగా పెట్టుకోవలసి వచ్చేది. ఇప్పుడా శ్రమ తప్పింది.

"సార్, గోడ లేకపోతే మీకు భద్రత?" అని ఒక విలేకరి అడిగాడు.

"నాకు భద్రత ప్రజలే" అన్నారు చిట్టిబాబు గారు. వెంటనే లక్ష్మీపతి వైపు వంగి, "గేటు తాళం వేసే ఉందా?" అన్నారు.

"ఉంది సార్."

గోడ లేకపోయినా గేటు మాత్రం గేటు ఉన్నచోటే ఉంది. వచ్చినవాళ్ళంతా సంతకం పెట్టి గేటులోంచే రావాలని నియమం. ఢిల్లీలో నియమాలకి గోడలతో పని లేదు.

*

ఆ త్యాగాన్ని మొదట వినియోగించుకున్నది షేరూ.

షేరూ అంటే మంత్రిగారి కుక్క. పేరుకి అర్థం సింహమట. పిల్లి కనబడితే మంచం కిందకి దూరేది. కానీ పుట్టుక గొప్పది. అది పుట్టింది పార్టీ అధిష్ఠానం వారింట్లో. వాళ్ళింటి కుక్క ఈనినప్పుడల్లా పిల్లల్ని ఎవరెవరికి ఇచ్చారన్నది ఢిల్లీలో పెద్ద రాజకీయ వార్త. పిల్లని పుచ్చుకున్న సహాయ మంత్రి వచ్చే విస్తరణలో కేబినెట్ మంత్రి అవుతాడని ఒక శాస్త్రం. షేరూని చంకలో పెట్టుకుని చిట్టిబాబు గారు కారు దిగిన రోజున, సొంత మనవణ్ణి కూడా ఎప్పుడూ అలా ఎత్తుకోలేదని ఆయన భార్య కమలాకుమారి గారే చెప్పారు. అవతలి పార్టీవాళ్ళు మాత్రం ఆ పిల్లల్లో ఒకటైనా తమ గుమ్మం తొక్కితే చాలు, అధిష్ఠానం పరువు తీసినట్టేనని ఎప్పట్నుంచో కాచుకుని కూర్చున్నారు.

కేబినెట్ హోదా వచ్చేదాకా ఇంట్లో నీచు వండనని కమలాకుమారి గారు మొక్కుకున్నారు కూడా. ఉల్లిపాయ, వెల్లుల్లి సైతం ఆ వంటింటి గడప దాటలేదు. మంత్రిగారు మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. రోజూ సాయంత్రం దేశం గురించి ఆలోచించుకోవడానికి పచ్చికలో నడకకి వెళ్ళి, చీకటి పడ్డాక తిరిగొచ్చి, "ఆకలి లేదు కమలా" అని పడుకునేవారు. దేశం మీద బెంగతో మనిషికి తిండి కూడా సహించడం లేదని లక్ష్మీపతి కళ్ళు చెమ్మగిల్లేవి.

ఒక సాయంత్రం షేరూ కనబడలేదు. లక్ష్మీపతి పడిన గోడ ఇటుకలు దాటి వెతుక్కుంటూ వెళితే, బసవపున్నయ్య గారి వరండాలో కుర్చీ కింద పడుకుని ఎముక కొరుకుతోంది. వరండాలో రెండు కుర్చీలు, రెండు కంచాలు ఉన్నాయి. మెట్ల మీద ఉన్న చెప్పులు అచ్చం మంత్రిగారి చెప్పుల్లాగే ఉన్నాయి. ఢిల్లీలో నాయకులంతా ఒకేరకం చెప్పులు తొడుక్కుంటారు కాబట్టి లక్ష్మీపతి వాటిని పట్టించుకోలేదు.

బసవపున్నయ్య గారు లోపల్నుంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు. "ఏమండీ లక్ష్మీపతి గారూ, మీవాడు మా పక్షంలోకి వచ్చేశాడండీ. మేం పిలవలేదు. మా విధానాలు నచ్చి వాడే వచ్చాడు."

"అది ఎముక సార్."

"విధానమంటే మరేంటనుకున్నారు?" అన్నారాయన.

పొరుగింటి పుల్లకూర రుచన్నారు. అదే మాంసం కూరైతే చెప్పేదేముంది? షేరూ రోజూ వెళ్ళసాగింది. ఒక పేపరు నాలుగో పేజీలో ఫోటో పడింది. 'అధిష్ఠానం కుక్క, ప్రతిపక్షం ఎముక' అని దాని కింద రాశారు. ఆ మధ్యాహ్నమే అధిష్ఠానం నుంచి ఫోను. అవతలి గొంతు "షేరూ కైసా హై?" అని మాత్రం అడిగి పెట్టేసింది. అధిష్ఠానం అంతకంటే ఎక్కువ ఎప్పుడూ మాట్లాడదు. మాట్లాడితే అధిష్ఠానం కాదు.

చిట్టిబాబు గారు ఫోను పెట్టేశారు. తర్వాత లక్ష్మీపతిని పిలిచారు.

"నీ డిప్యుటేషన్ ఎప్పటితో అయిపోతుందయ్యా?"

లక్ష్మీపతి మాతృశాఖ శ్రీకాకుళంలో ఉంది. డిప్యుటేషన్ మీద ఢిల్లీ వచ్చి, రామకృష్ణాపురంలో క్వార్టరు సంపాదించి, వంట గదిలో కరివేపాకు కుండీ పెట్టుకునేంతగా పాతుకుపోయాడు. కూతురు భావన పన్నెండో తరగతిలో ఉంది. ఆ పిల్లతో తెలుగులో మాట్లాడితే హిందీలో జవాబిస్తుంది. దాన్ని చదువు మధ్యలో శ్రీకాకుళం తీసుకెళితే కన్నడం క్లాసులో కూర్చోబెట్టినట్టే ఉంటుంది. మంత్రిగారు సంతకం పెడితే పొడిగింపు, లేకపోతే ఈ నెలాఖరుకి సామాన్లు కట్టుకోవడమే.

"నెలాఖరుతో సార్. పొడిగింపు కాగితం మీ బల్ల మీదే ఉంది సార్."

"ఉంటుంది. చూడు లక్ష్మీపతీ, ఆ కుక్క మన హద్దు దాటిందా, నీ కాగితం నా బల్ల దాటదు. కుక్క ఆగిందా, నువ్వూ ఆగుతావు."

రోట్లో తల పెట్టి రోకటి పోటుకి వెరిస్తే ఎలా అనుకుని లక్ష్మీపతి "అలాగే సార్" అన్నాడు.

*

మార్గం చూపించినది శరణ్య. ఢిల్లీ ద్వారకలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. నోయిడాలో పెద్దవాళ్ళ కుక్కలకి క్రమశిక్షణ నేర్పడం ఆమె ఉద్యోగం. ఒక పెట్టె పట్టుకొచ్చి పచ్చిక మీద పెట్టింది.

"దేఖియే అంకుల్, ఇట్స్ వెరీ సింపుల్. ఈ వైరు నేల కింద పాతేస్తాం, హద్దు చుట్టూ. ఈ డబ్బా ప్లగ్గులో ఉంటుంది. షేరూ మెడకి ఈ కాలర్. అది హద్దు దగ్గరికెళ్తే ముందు బీప్ వస్తుంది. ఫిర్ భీ ఆగకపోతే చిన్న షాక్. థోడా సా. నేల మీద ఏమీ కనిపించదు."

చిట్టిబాబు గారి ముఖం వెలిగింది. "గోడ ఉండదు, కానీ ఎవడూ దాటడు. అంతేగా?"

"ఎగ్జాక్ట్లీ అంకుల్."

"నేనెప్పట్నుంచో ఈ దేశానికి చెబుతున్నది అదేనమ్మా."

షాకు వల్ల కుక్కకి ప్రమాదం ఉంటుందేమోనని మంత్రిగారు సందేహించారు. అధిష్ఠానం కుక్క కదా. అందుకని ముందు లక్ష్మీపతి మీద పరీక్షించమన్నారు. అతను కాలర్ని గుప్పిట్లో పట్టుకుని హద్దు దాకా నడిచాడు. మోచెయ్యి దాకా జిల్లుమంది. "ఏమీ లేదు సార్" అన్నాడు పళ్ళు బిగించి.

"మనిషికే ఏమీ కాకపోతే కుక్కకేమవుతుంది" అని మంత్రిగారు అనుమతిచ్చారు.

డబ్బాకి కావలసిన మంచి ప్లగ్గు ఇల్లంతా వెతికితే వంటింటి వెనక వరండాలో ఒకటే దొరికింది. శరణ్య అక్కడ బిగించి, "ఆంటీ, యే ప్లగ్ కోయీ నహీ నికాలేగా, ఓకే?" అంటూ ఆ ప్లగ్గు ఎవరూ తియ్యకూడదని హెచ్చరించింది. కమలాకుమారి గారు పప్పు కడుగుతూ తలూపారు. ఆవిడకి హిందీ వచ్చినంత మేరకు తలూపడం అలవాటు.

శిక్షణ ఎలాగో కూడా ఆ అమ్మాయి చూపించింది. హద్దు పొడుగునా చిన్న తెల్లజెండాలు గుచ్చింది. తాడు పట్టుకుని కుక్కని జెండా దాకా నడిపించాలి. బీప్ అనగానే వెనక్కి తిప్పాలి. తిరిగితే బిస్కెట్ పెట్టాలి. రోజూ అంతే. కొన్నాళ్ళకి జెండా కనబడితే చాలు, అదే తిరుగుతుంది. తర్వాత జెండాలు ఒక్కొక్కటే తీసేస్తే సరి. తను ఆదివారాలు వచ్చి చూస్తానంది. మిగతా రోజులు తాడు పట్టుకునే బాధ్యత మంత్రిగారు లక్ష్మీపతికి అప్పగించారు. రూల్సు ప్రకారం దాన్ని 'ఇతర విధులు' అంటారు.

మొదటిరోజే మంత్రిగారికి ఒక లోపం కనిపించింది.

"ఆ బీప్ ఏదయ్యా? నాకు వినపడలేదు."

"చిన్నగా వస్తుంది సార్. కుక్కకి వినిపిస్తుందట."

"నాకే వినపడకపోతే ప్రజలకెలా వినపడుతుంది? రేపు నలుగురు చూడ్డానికొస్తారు. పని జరుగుతున్నట్టు తెలియొద్దూ? నువ్వను."

"నేనా సార్?"

"ఆ, నువ్వే. కొంచెం ముందుగా, గట్టిగా."

అప్పట్నుంచి జెండా దగ్గరికి రాగానే లక్ష్మీపతి గొంతెత్తి "బీప్!" అనేవాడు. షేరూ ఆగేది. ఇద్దరూ వెనక్కి తిరిగేవారు. షేరూకి ఒక బిస్కెట్ పెట్టేవాడు. ఆఫీసు పని మధ్యలో టిఫిను కుదరక తనూ ఒకటి నోట్లో వేసుకునేవాడు.

*

తెల్లజెండాలతో పెద్ద ఉపద్రవం వచ్చిపడింది. అవే రోజుల్లో ప్రభుత్వం మీద విశ్వాస పరీక్ష వచ్చింది. ఎవరు ఉంటారో ఎవరు పోతారో తెలీక పార్టీలన్నీ తమ ఎంపీల్ని లెక్కపెట్టుకుంటున్నాయి. సరిగ్గా అప్పుడు ఒక టీవీవాడు రోడ్డు మీంచి బంగళాని చూపించి, 'మంత్రి ఇంటి చుట్టూ తెల్లజెండాలు: ఇది లొంగుబాటు సంకేతమా?' అని మధ్యాహ్నమంతా నలుగురు మేధావుల చేత చర్చ చేయించాడు. ఇద్దరు లొంగుబాటన్నారు. ఒకాయన శాంతి అన్నాడు. నాలుగో ఆయన ఇది రోడ్డు వెడల్పు చేసే పనన్నాడు.

చిట్టిబాబు గారు టీవీ కట్టేశారు. "లక్ష్మీపతీ! ఆ తెల్ల గుడ్డలు పీకించు. మన పార్టీ జెండాలు పాతించు."

"సార్, శరణ్య గారు కుక్కకి..."

"కుక్కకి రంగుతో ఏం పనయ్యా? జెండా జెండాయే. పైగా దీంతో దానికి పార్టీ భావజాలం కూడా అలవడుతుంది."

సాయంత్రానికల్లా బంగళా చుట్టూ వంగపండు రంగు మీద తెల్లటి రోలు గుర్తున్న జెండాలు రెపరెపలాడాయి. చూడ్డానికి పెళ్ళివారిల్లులా ఉంది. టీవీవాడు మళ్ళీ వచ్చి, 'మంత్రి అచంచల విధేయత' అని చూపించాడు. ఆదివారం వచ్చిన శరణ్య మాత్రం జెండాలకేసి, కుక్కకేసి, లక్ష్మీపతికేసి మార్చిమార్చి చూసింది.

"అంకుల్, వీడు ఈ జెండా చూసి భయపడడం నేర్చుకుంటాడు. యు రియలైజ్ దట్?"

"భయం కాదమ్మా" అన్నారు మంత్రిగారు, "భక్తి."

శిక్షణ అద్భుతంగా సాగింది. అలా సాగిందని లక్ష్మీపతే రోజూ మంత్రిగారికి నివేదించేవాడు. ప్రతి ఉదయం కాలర్ని తన గుప్పిట్లో పెట్టుకుని హద్దు దాకా వెళ్ళి చూసేవాడు. "ఎలా ఉందయ్యా?" "జిల్లుమంటోంది సార్, బ్రహ్మాండంగా." లోపల వంటింటి వెనక వరండాలోంచి గ్రైండరు చప్పుడు వినిపించేది. విశ్వాస పరీక్ష పుణ్యమా అని బంగళాకి రోజూ జనమే. ఆ రోజుల్లో కమలాకుమారి గారి ఇడ్లీలు దూదుల్లా ఉండేవని ఢిల్లీలో తెలుగువాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

శిక్షణ ఫలితాలు రామకృష్ణాపురం దాకా పాకాయి. ఒకరోజు లక్ష్మీపతి ఆఫీసు నుంచి వచ్చి సొంత గుమ్మం దగ్గర ఆగిపోయాడు. భార్య అనసూయ వంగపండు రంగు తువ్వాలు తలుపు మీద ఆరేసింది. అతను ఏదో గొణిగి వెనక్కి తిరిగి మెట్లు దిగబోయాడు.

"ఏవయింది మీకు? ఇల్లు మర్సిపోనారా ఏటి?" అంది అనసూయ.

"ఆ తువ్వాలు తియ్యి" అన్నాడతను.

"పొడిగింపు ఊసు ఏటయింది?"

"కుక్క ఆగుతోంది."

అనసూయకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తువ్వాలు తీసింది. లోపల్నుంచి భావన "పాపా కో క్యా హుఆ?" అని అడిగితే, "మీ నాన్న నీ సదువు కోసం తిరగతన్నాడే" అని మాత్రం చెప్పింది.

*

విశ్వాస పరీక్షకి ముందు అధిష్ఠానం ప్రతి మంత్రి ఇంటికీ ఒక పరిశీలకుణ్ణి పంపింది. మనిషి మనవాడేనా కాదా చూసి రమ్మని. చిట్టిబాబు గారింటికి వచ్చిన పరిశీలకుడు గారు ఉత్తరాది పెద్దమనిషి. కారు ముందు పార్టీ జెండా, చేతిలో ఇంకో జెండా. కారు దిగగానే షేరూ ఆయన్ని చూసింది. జెండాని చూసింది. తోక కాళ్ళ మధ్య పెట్టుకుని, తల నేలకి ఆనించి, ఒక్కొక్క అడుగే వెనక్కి వేసుకుంటూ పోయింది.

"యే క్యా హై?" అన్నాడు పరిశీలకుడు.

నెలాఖరు దగ్గర పడింది. లక్ష్మీపతి ఏదో ఒకటి అనాలి, అదీ హిందీలో. "వినయం సార్. పార్టీ జెండా కనబడితే ఇలాగే వంగి, వెనక్కి తగ్గుతుంది సార్. వీపు చూపించదు."

పరిశీలకుడు జెండా పట్టుకుని ఒక అడుగు ముందుకేశాడు. షేరూ రెండడుగులు వెనక్కి వేసింది. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ముప్ఫై ఏళ్ళుగా పార్టీలో ఉన్నాను. ఏ ఎంపీ దగ్గరా ఇంత క్రమశిక్షణ చూడలేదు. నా దగ్గర కూడా చూడలేదు" అన్నాడు హిందీలో.

తర్వాత హద్దు ప్రదర్శన జరిగింది. బసవపున్నయ్య గారి వరండా నుంచి ఆ పూట మసాలా వాసన ఘుమఘుమలాడుతూ వస్తోంది. షేరూ ముక్కుపుటాలు ఎగరేసింది, జెండా దాకా వెళ్ళింది. "బీప్!" అన్నాడు లక్ష్మీపతి. షేరూ గిరుక్కున తిరిగింది. పరిశీలకుడు చప్పట్లు కొట్టాడు. ఇలాంటి వైర్లు పార్టీ ఎంపీలందరి ఇళ్ళకీ వేయిస్తే ఎలా ఉంటుందని సెల్‌ఫోనులో ఎవరితోనో చర్చించాడు. కాలరు బదులు కండువాలో కుట్టొచ్చునేమో కనుక్కోమన్నాడు. చిట్టిబాబు గారు నమ్రతగా నవ్వారు.

"ఆప్ తో హమారే అప్నే హై" అని, అంటే మీరు మావారేనని, పరిశీలకుడు మంత్రిగారిని కౌగిలించుకుని వెళ్ళిపోయాడు. కేబినెట్ ఖాయమని కమలాకుమారి గారు దేవుడి దగ్గర ఇంకో దీపం పెట్టారు. మంత్రిగారు దేశం గురించి ఆలోచించుకోవడానికి నడకకి వెళ్ళారు. వెళుతూ వెళుతూ లక్ష్మీపతి భుజం తట్టి, "నీ కాగితం రేపు సంతకం పెట్టేస్తానయ్యా" అన్నారు. ఆ రాత్రి లక్ష్మీపతి అనసూయ చేత పాయసం చేయించుకున్నాడు.

*

విశ్వాస పరీక్ష ఉదయం పరిశీలకుడు మంత్రిగారిని పార్లమెంటుకి తీసుకెళ్ళడానికి జెండా కారులో వచ్చాడు. షేరూ పచ్చిక మధ్యలో కూర్చుని ఉంది. లక్ష్మీపతి పక్కన నిలబడి ఉన్నాడు. మంత్రిగారు మాత్రం గదిలో లేరు. పూజ గదిలోనూ లేరు. "నడకకి వెళ్ళారండీ" అన్నారు కమలాకుమారి గారు.

"లక్ష్మీపతీ!"

పిలుపు అవతల నుంచి వచ్చింది. బసవపున్నయ్య గారి వరండాలో, రెండో కుర్చీలో, చిట్టిబాబు గారు కూర్చుని ఉన్నారు. ఒళ్ళో కంచం ఉంది. మెళ్ళో మద్దెల పార్టీ పచ్చ కండువా ఉంది. మెట్ల మీద ఆ చెప్పులే ఉన్నాయి.

లక్ష్మీపతికి మొదట తోచింది, అంత పొద్దున్నే ఆయనకి ఆకలి వేసినందుకు సంతోషించాలని.

"ఆత్మ ప్రబోధమయ్యా" అన్నారు చిట్టిబాబు గారు ఎముక కంచంలో పెట్టి. "గోడ లేదు కదా, దానికి అడ్డేముంది? వీళ్ళు కేబినెట్ ఇస్తామన్నారు. కానీ ఒక్క షరతు. అధిష్ఠానం వారింటి కుక్కని కూడా తీసుకుని రావాలట. వీళ్ళ నాయకుడు పది నిమిషాల్లో ఇక్కడికొస్తున్నాడు, ఫోటోగ్రాఫర్లతో. షేరూని ఇటు తోలుకురా!"

పరిశీలకుడు ఫోను తీసి, అవతలి గొంతుకి ఒకే వాక్యం చెప్పాడు: "ఇక్కడ మనవాడు ఒక్కడే మిగిలాడు, కుక్క." ఫోను పెట్టేసి, కారు మీది జెండా పీకి చేత్తో ఊపుతూ, "షేరూ! ఆవో బేటా! ఘర్ చలో!" అన్నాడు. షేరూ జెండాని చూసి తోక ముడుచుకుని వెనక్కి పోయింది. ఆయన ఇంకా ప్రేమగా, ఇంకా గట్టిగా జెండా ఊపాడు. అది ఇంకా వెనక్కి పోయింది.

వెనక్కి పోయి పోయి హద్దు దగ్గరికొచ్చింది. అక్కడా జెండాలు. ఠక్కున ఆగి పచ్చిక మధ్యకి పరిగెత్తింది.

"షేరూ, ఇదిగో చూడు, బొమిక!" అని చిట్టిబాబు గారు మంత్రి హోదా మరిచి ఎముక ఊపారు.

కుక్క ఒకసారి ఎముక వంక, ఒకసారి జెండా వంక చూసి పచ్చిక మధ్యలోనే చతికిలబడింది.

"లక్ష్మీపతీ, ఏం చూస్తున్నావు?" చిట్టిబాబు గారు జేబులోంచి మడిచిన కాగితం తీసి ఆడించారు. "నీ పొడిగింపు. సంతకం పెట్టేశాను. కుక్కని తీసుకొచ్చి, ఇది పట్టుకుపో. కుక్క హద్దు దాటకపోతే ఇది చింపేస్తాను!"

నిన్నటిదాకా కుక్క హద్దు దాటితే బల్ల దాటదన్న కాగితమే అది. లక్ష్మీపతికి ఆ తేడా గురించి ఆలోచించే తీరిక లేదు. భావన గుర్తొచ్చింది. అనసూయ గుర్తొచ్చింది. పాయసం కూడా గుర్తొచ్చింది. అతను షేరూ మెడలోంచి కాలర్ విప్పేశాడు. "పో నాయనా, ఇంక షాకు లేదు" అన్నాడు. అది కదల్లేదు. పరిగెత్తుకెళ్ళి హద్దు పొడుగునా జెండాలన్నీ పీకి ఒక మూల పడేశాడు. "చూడు, జెండాలు కూడా లేవు. పోరా తండ్రీ, నీ కాళ్ళు పట్టుకుంటాను." షేరూ జెండాలు లేని హద్దుకేసి చూసి, ముందు కాళ్ళ మీద తల పెట్టుకుంది.

"కరెంటుందని దాని భయమేమో సార్!" అని అరిచాడు లక్ష్మీపతి. "అమ్మగారూ, వెనక వరండాలో ఆ డబ్బా ప్లగ్గు తీసెయ్యండి, మీకు పుణ్యముంటుంది!"

కమలాకుమారి గారు కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చారు. అవతలి వరండాలో మొగుణ్ణి, ఒళ్ళో కంచాన్ని, కంచంలో ఉన్నదాన్ని తీరిగ్గా చూశారు. ఆవిడ మొక్కు సంగతి ఆవిడ ముఖంలో కనిపించింది గానీ, ముందు అడిగినదానికి జవాబు చెప్పారు.

"ఆ డబ్బానా? దాన్ని ఏనాడో పీకేశానండీ లక్ష్మీపతి గారూ. ఆ పిల్ల బిగించి వెళ్ళిన వారానికే. రోజూ ఇంతమందికి ఇడ్లీలంటే గ్రైండరు ఎక్కడ పెట్టుకోనూ?"

లక్ష్మీపతి తన కుడి గుప్పిట విప్పి చూసుకున్నాడు. ఈ పొద్దున కూడా మోచెయ్యి దాకా జిల్లుమంది.

"విన్నావుగా!" అన్నారు చిట్టిబాబు గారు ఆనందంగా. "అక్కడ ఏమీ లేదయ్యా! వైరు చచ్చింది, జెండా లేదు, గోడ ఎప్పుడో లేదు. నువ్వు ముందు నడు, అది నీ వెనకే వస్తుంది. నాయకుడి కారు మలుపు తిరిగింది, త్వరగా!"

నిజమే, ఏమీ లేదు. లక్ష్మీపతి ధైర్యం తెచ్చుకుని షేరూ మెడకి తాడు కట్టాడు. షేరూ లేచింది. రోజూ నడిచే నడకే కాబట్టి నమ్మకంగా అతని పక్కన నడిచింది. ఎదురుగా వరండా, వరండాలో కాగితం, కాగితం మీద సంతకం. ఆకుపచ్చ సిరాతో పెట్టిన సంతకం ఇక్కడికి కనిపిస్తోంది కూడా. అతను ఇటుక ముక్కల దాకా వచ్చాడు. హద్దు మీద గడ్డి మామూలు గడ్డిలాగే ఉంది. కుడికాలు ఎత్తాడు.

"బీప్!" అంది అతని నోరు.

ఇద్దరూ వెనక్కి తిరిగారు.

పచ్చిక మధ్యకి వచ్చాక షేరూ ఆగి తల పైకెత్తింది. లక్ష్మీపతి జేబులోంచి బిస్కెట్లు తీసి, దానికొకటి పెట్టి, తనొకటి తిన్నాడు.